పద్నాలుగో నంబరు మీద పడిన నాలుగు డబ్బాలు

లక్షా అరవై వేలలో ఒకటి. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను కాగితం మీద పెట్టిన అంకెలన్నిటిలోకీ ఇంత ధీమాగా రాసింది ఇంకోటి లేదు. ఇంత తప్పుగా రాసిందీ లేదు. దాని వల్ల ఒక మనిషికి పని పోయింది. నేను రిటైరయి మూడేళ్ళయింది. నాణ్యత చూసే ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, ఏదైనా సలహా చెప్పండి సార్ అంటారు. సలహాలు చెప్పేంత గొప్పవాణ్ణి కాదు. అందుకని వాళ్ళకి ఈ సంగతే చెబుతూ వచ్చాను. చెప్పిన ప్రతిసారీ ఒకటో రెండో ముక్కలు నాకు అనుకూలంగా మారిపోతున్నాయని ఈ మధ్య అనుమానం వచ్చింది. అందుకే జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

చిత్తూరు నుంచి తిరుపతి వచ్చే దారిలో, పూతలపట్టు దగ్గర్లో మాదొక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. అందులో నేను క్వాలిటీ ఇన్‌ఛార్జిని. తిరుపతిలో బీఎస్సీ చదివాను. లెక్కల్లో మంచి మార్కులు వచ్చాయి. ఆ మార్కుల గర్వం నాకు చాలా ఏళ్ళు మిగిలింది. సీజన్లో చిత్తూరులో గది తీసుకుని ఉండేవాణ్ణి, ఆదివారం మాత్రం తిరుపతిలో ఇంటికి వచ్చేవాణ్ణి.

సీజనంటే రెండున్నర నెలలు. తోతాపురి కాయలతో ట్రాక్టర్లు గేటు నుంచి రోడ్డు దాకా బారులు తీరి ఉంటాయి. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు మూడొందల మంది దాకా పనిలోకి వస్తారు. కాయ కడగడం, కోయడం, గుజ్జు తీయడం, కాచడం, డబ్బాల్లో నింపడం అన్నీ అయ్యాక, మూత మిషను డబ్బాకి మూత బిగిస్తుంది. ఆ డబ్బాలు వేడినీళ్ళలో ఉడికి, చల్లారి, చివరికి ఒక పొడవాటి బల్ల మీదికి వస్తాయి. ఆ బల్ల దగ్గర ఇరవై మంది ఆడవాళ్ళు. ఒక్కో డబ్బా తుడిచి, మూత అంచు చుట్టూ వేలు తిప్పి చూసి, సొట్టలేమీ లేకపోతే దాని అడుగున తన నంబరు ముద్ర కొట్టి పక్కకి పెట్టాలి. ఒకటి నుంచి ఇరవై దాకా నంబర్లు.

డబ్బాలు పదిహేను రోజులు గోడౌన్లో ఉంటాయి. మూత సందులోంచి ఏమాత్రం గాలి దూరినా లోపల గుజ్జు పులిసి డబ్బా ఉబ్బుతుంది. ఆ ఉబ్బినవి ఏరి పక్కన పెట్టి, వాటి లెక్క రాయడం నా పని. ఏటా నాలుగో ఐదో వచ్చేవి. ఆ ఏడు మొదటి సరుకులోనే ఇరవై వచ్చాయి. పైగా కొన్నవాళ్ళ తరఫున చెన్నై నుంచి ఒకావిడ తనిఖీకి వస్తోందని ఉత్తరం వచ్చింది.

మేనేజరు నన్ను పిలిచాడు. నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్నవాడు. చెడ్డవాడు కాదు, కానీ ఆ వారం నిద్ర లేదు మనిషికి.

"సార్, ఆయమ్మ బేస్తవారం వస్తాది. ఇరవై డబ్బాలు ఎందుకు ఉబ్బినాయంటే మనం ఏమని చెప్పల్ల? ఎవురో ఒకరు పని సరిగ్గా చేసుండరు. ఎవురో తేల్చండి," అన్నాడు.

ఎందుకు ఉబ్బాయో తేల్చమనలేదు, ఎవరో తేల్చమన్నాడు. ఆ తేడా నేను పట్టించుకోలేదు. గోడౌన్‌కి వెళ్ళి ఇరవై డబ్బాలూ తిరగేసి అడుగున ఉన్న నంబర్లు రాసుకున్నాను. ఎనిమిది మంది నంబర్లు అసలు లేవు. ఏడుగురివి ఒక్కోటి. ముగ్గురివి రెండేసి. ఒకామెవి మూడు. పద్నాలుగో నంబరువి నాలుగు.

అప్పుడు నా బీఎస్సీ లెక్కలు గుర్తొచ్చాయి. ఇరవై మంది ఉన్నారు. పాడైన డబ్బా ఒకటి పద్నాలుగో నంబరు చేతికి ఊరకనే వచ్చే అవకాశం ఇరవైలో ఒకటి. నాలుగు డబ్బాలు కాబట్టి నాలుగు ఇరవైల్ని ఒకదానితో ఒకటి హెచ్చవేశాను. లక్షా అరవై వేలు వచ్చింది. "ఇది యాదృచ్ఛికంగా జరగడానికి అవకాశం లక్షా అరవై వేలలో ఒకటి మాత్రమే. కాబట్టి పద్నాలుగో నంబరు నిర్లక్ష్యమే కారణం" అని రాసి సంతకం పెట్టాను. మేనేజరు ఆ అంకె చూసి కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ వారంలో మొదటిసారి అతని మొహం తేటపడింది.

"ఇంకేం సార్, ఇదే గదా కావల్సింది!" అన్నాడు.

డబ్బాలు తుడిచే బల్ల దగ్గరే, అందరి ముందరే ఆమెని పిలిచి నిలబెట్టారు. నలభై ఏళ్ళుంటాయి. పూతలపట్టు నుంచి లోపలికి మూడు మైళ్ళలో ఊరు. ఆరు సీజన్ల నుంచి మా దగ్గరే పని చేస్తోంది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మామిడి సొన తగిలి వేళ్ళ మధ్య తోలు నల్లబడి ఉంది. రేపట్నుంచి పనిలోకి రావద్దని మేనేజరు చెప్పిందంతా నిలబడి విన్నది. నాలుగు డబ్బాలూ బల్ల మీద ఉన్నాయి. ఆమె మేనేజరుని వదిలేసి నా వైపు తిరిగింది.

"సార్, నేను సూసుకోకుండా వొదిలేసినానంటారు. సరే. ఇందులో తప్పు యాడుండాదో మీరు సూపించండి. ఈసారి తెలుసుకుంటా."

నేను ఒక డబ్బా చేతిలోకి తీసుకున్నాను. మూత అంచు చుట్టూ వేలు తిప్పాను. నున్నగా ఉంది. ఇంకోసారి తిప్పాను. రెండోది తీసుకున్నాను. ఏ డబ్బాకీ నా వేలికి ఏమీ తగల్లేదు.

ఆ క్షణంలో నేనొక మాట చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. "నీకు అలవాటైన పని కదమ్మా, నీ వేలికి తెలియాలి," అన్నాను. ఆమె నా మొహంలోకి కాసేపు చూసి, నంబరు ముద్ర బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం భోజనాల వేళ, ఒక్క డబ్బా కూడా పాడుకాని ఎనిమిది మందినీ నిలబెట్టి మేనేజరు మెచ్చుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఇది శుక్రవారం జరిగింది. ఆదివారం నేను తిరుపతిలో ఇంట్లో ఉన్నాను.

మా అమ్మాయి అప్పుడు ఇంటర్ చదువుతోంది. సంభావ్యత పాఠం మొదలుపెట్టారట, లూడో పెట్టెలోంచి పాచిక తెచ్చుకుని నా ముందు కూర్చుంది. పాచికకి ఆరు ముఖాలు, ఏది పడే అవకాశమైనా ఆరింట ఒకటి, ఒకసారి పడింది తర్వాతిసారికి గుర్తుండదు, అని చెప్పాను. అది ఆరుసార్లు వేసి నోటుబుక్కులో రాసుకుంది. మూడు, మూడు, ఆరు, ఒకటి, మూడు, ఐదు.

"నాయనా, మూడు మూడుసార్లు పడింది. రెండూ, నాలుగూ అసలు పడనే లేదు. ఆరింట ఒకటి అంటివే? పాచిక చెడిపోయిందా?"

నేను నవ్వాను. "పాచికకేం కాలేదమ్మా. ఆరుసార్లు వేస్తే తలా ఒకటి పడాలని ఎక్కడుంది? ఏదో ఒకటి ఎక్కువసార్లు పడుతుంది, ఏదో ఒకటి అసలు పడదు. ఏది ఎక్కువ పడుతుందో ముందుగా చెప్పలేం, అంతే."

ఆ మాట పూర్తి చేసి నోరు మూశాను. మా అమ్మాయి "ఏమైంది నాయనా?" అని అడిగింది. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి చూసింది.

ఏమైందో పిల్లలకి విడమరిచి చెప్పాలి, ఎందుకంటే ఈ తప్పు నేనొక్కణ్ణే చేసే తప్పు కాదు. నా లెక్కలో రెండు పొరపాట్లున్నాయి. మొదటిది, నేను నాలుగు డబ్బాలే ఉన్నట్టు, ఆ నాలుగూ ఆమెకే వచ్చినట్టు లెక్కేశాను. పాడైనవి ఇరవై. ఆ ఇరవైలో ఏ నాలుగైనా ఆమెకి పడొచ్చు, అలా పడే దారులు వేలల్లో ఉంటాయి. అన్నీ కలిపితే ఆమెకి నాలుగో అంతకన్నా ఎక్కువో పడే అవకాశం సుమారు అరవైలో ఒకటి. రెండోది ఇంకా పెద్దది. పద్నాలుగో నంబరు మీద నాకు ముందు నుంచీ అనుమానం ఉండి, తర్వాత డబ్బాలు చూసి ఉంటే ఆ అరవైలో ఒకటి అన్న మాటకి కొంత విలువ ఉండేది. నేను ముందు డబ్బాలు తిరగేసి, ఎవరివి ఎక్కువున్నాయో చూసి, ఆ తర్వాత ఆ మనిషిని పట్టుకున్నాను. ఆ నాలుగు ఆరో నంబరుకి పడి ఉంటే ఆరో నంబరునే పట్టుకునేవాణ్ణి. అంటే నేను వేసుకోవలసిన ప్రశ్న వేరు. ఇరవై డబ్బాలు ఇరవై మందికి ఊరకనే పంచితే, ఎవరో ఒకరికి నాలుగు పడటం అంత వింతా?

ఆ మధ్యాహ్నం ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు రాసి స్టీలు గిన్నెలో వేశాం. ఒకటి తీయడం, నంబరు రాసుకోవడం, మళ్ళీ గిన్నెలో వేసి కలపడం. ఇరవైసార్లు తీస్తే ఒక దఫా. మా అమ్మాయి తీసింది, నేను రాశాను. పది దఫాలు తీశాం. మూడు దఫాల్లో ఎవరో ఒకరికి నాలుగో అంతకు మించో పడ్డాయి, అందులో ఒకసారి ఐదు కూడా పడ్డాయి. దాదాపు ప్రతి దఫాలోనూ ఏడెనిమిది మంది నంబర్లు అసలు రాలేదు. మేం చప్పట్లు కొట్టిన ఎనిమిది మంది గుర్తొచ్చారు. సగటున తలా ఒకటి అంటే, నిజంగా తలా ఒకటి రావడం కాదు. ఈ మాట నేను కాలేజీలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు తెచ్చుకున్నాను. నాకది అర్థమైంది మాత్రం ఆ ఆదివారమే.

సోమవారం పొద్దున్నే బస్సు దిగి నేరుగా మేనేజరు గదికి వెళ్ళాను. నా రిపోర్టు తప్పని, ఎవరో ఒకరికి నాలుగు పడే అవకాశం దాదాపు నాలుగింట ఒకటి ఉందని చెప్పాను. అతను టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఏం సార్, మొన్న లక్షల్లో ఒకటి అంటిరి. ఇప్పుడు నాలుగింట ఒకటి అంటా ఉండారు. ఎల్లుండి ఇంకోటి అంటారా? ఆ లెక్కలన్నీ నాకొద్దు సార్. ఆయమ్మ వొచ్చి పొయ్యేదాకా ఊరకుండండి."

అతన్ని తప్పు పట్టలేకపోయాను. ఆ పెద్ద అంకెని అతని చేతికిచ్చింది నేనే.

సాయంత్రం పూతలపట్టులో ఆటో ఎక్కి ఆమె ఊరికి వెళ్ళాను. ఇంటి ముందు చింతపండు కొడుతూ కూర్చుని ఉంది. ఆమె అత్త లోపల్నుంచి మంచం తెచ్చి వేసింది. నన్ను చూసి ఆమె లేవలేదు.

"ఏం సార్ ఇంత దూరం?"

నా లెక్క తప్పిందని చెప్పాను. నీ తప్పు కాకపోవచ్చు అన్నాను. ఆమె చింతపండు కొట్టడం ఆపింది.

"కాకపోవచ్చా?"

"ఆ నాలుగు డబ్బాల్ని బట్టి నీదే తప్పని చెప్పడానికి లేదమ్మా. అదృష్టం కొద్దీ కూడా అట్లా జరగొచ్చు."

"నా తప్పు లేదని తేలిందా సార్, లేక ఉండాదో లేదో మీకు తెల్దని తేలిందా?"

ఇంత సూటి ప్రశ్న నన్ను ఏ అధికారీ అడగలేదు. తెలియదనే తేలింది అని ఒప్పుకున్నాను.

"శనివారం చిత్తూరు కాడ ఇంకో ఫ్యాక్టరీకి పనికి పొయినాను సార్. గేటు కాడే నిలబెట్టి, నువ్వు ఆడ డబ్బాలు పాడుసేసినావంట గదా అన్నారు. వాళ్ళకి పొయ్యి, ఏమో, కాకపోవచ్చు అని సెప్తారా మీరు? ఆ మాటతో నాకు పని ఇస్తారా?" గొంతు పెంచలేదామె. "ఆ దినం మీరు డబ్బాలు ముట్టుకుంటిరి. మీ వేలికి ఏమన్నా తగిలిందా?"

"లేదు."

"నేను సూస్తానే ఉండాను. తగల్లేదని మీ మొగమే సెప్పింది. మరి ఆ మాట ఆడనే ఎందుకు సెప్పలేదు?"

సంతకం పెట్టేసిన కాగితం ముందు నోరు రాలేదు అని చెప్పొచ్చు, అది నిజమే, కానీ అది జవాబు కాదు. ఆమె అత్త మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగకపోతే బాగుండదని తాగాను. లేచేటప్పుడు ఆమె అన్నది: "అదృష్టం, లెక్క అని నాకు సెప్పొద్దు సార్. ఆ డబ్బాలకి ఏమయిందో కనుక్కోండి. నా తప్పయితే నా తప్పనే సెప్పండి. నేను పడతా."

తిరుగు దారిలో ఆ మాటే నా తలలో తిరిగింది. డబ్బాలకి ఏమయిందో కనుక్కోండి. నిజానికి నా చీటీలు కూడా అదే చెబుతున్నాయి, నేనే వినలేదు. ఇరవై డబ్బాలు ఎవరి చేతికి పడితే వారి చేతికి పడినట్టు చెల్లాచెదురుగా ఉన్నాయంటే, చేతుల్లోకి రాకముందే అవి పాడై ఉండొచ్చు. వెతకాల్సింది బల్ల దగ్గర కాదు, బల్లకి ముందు.

బల్లకి ముందు ఉండేది మూత మిషను. దాన్ని చూసుకునే ఫిట్టరు నాకన్నా పెద్దవాడు, మూత మిషనుతో పాటే ఆ ఫ్యాక్టరీలో చేరినవాడు. మంగళవారం అతన్ని గోడౌన్‌కి తీసుకెళ్ళి ఉబ్బిన ఇరవై డబ్బాలూ చూపించాను. మూత అంచుని రంపంతో కోసి చూడగలవా అని అడిగాను.

"ఎందుకు కొయ్యలేను? ఇన్నాళ్ళకి అడిగినారు," అన్నాడు. "సీజను మొదల్లోనే సెప్పినానప్పా. మూత నొక్కే రోలరు ఒకటి అరిగిపొయింది, మార్సండి అని. ఆ మేనేజరుకీ సెప్పినా, మీకూ సెప్పినా."

"నాకా?"

"మీకే. టీ కాడ. సరే సరే అంటిరి."

నాకు గుర్తు లేదు. అతను అబద్ధమాడే మనిషి కాదు.

కోతంతా అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ఒక్కో డబ్బా మూత అంచు అడ్డంగా కోసి, భూతద్దం కింద పెట్టి చూశాం. ఇరవైలో పద్దెనిమిదింటికి ఒకే రకం తప్పు. మూత రేకు, డబ్బా రేకు ఒకదాన్నొకటి పట్టుకోవాల్సిన మడత లోపల వదులుగా ఉంది. పైన నున్నగానే ఉంది, వేలికి తెలిసే దారి లేదు. మిగతా రెండింటికి కారణం దొరకలేదు. పద్నాలుగో నంబరువి నాలుగూ ఆ పద్దెనిమిదిలోనే ఉన్నాయి. ఫిట్టరు భూతద్దం పక్కన పెట్టి, "పాపం ఆయమ్మ," అని మాత్రం అన్నాడు.

గురువారం చెన్నై నుంచి ఆవిడ వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, సన్నగా, నూలు చీరలో. తెలుగు తమిళ యాసలో మాట్లాడుతుంది. మేనేజరు నా పాత రిపోర్టు ఆవిడ ముందు పెట్టాడు. కొత్త రిపోర్టు నా చేతిలో ఉంది. ముందురోజే అతనికి చూపించాను, వద్దన్నాడు. ఆవిడ లక్షా అరవై వేలు అన్న అంకె కింద గీత గీసి, ఇది ఎవరు వేశారని అడిగింది.

"నేనే మేడం. తప్పు వేశాను," అన్నాను.

మేనేజరు నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. అందులో కోపం కన్నా బెదురు ఎక్కువ.

గిన్నె, చీటీలు సంచిలో తెచ్చుకున్నాను. ఎందుకు తప్పో చూపిస్తాను అన్నాను. ఆవిడే చీటీలు తీసింది, మేనేజరు రాశాడు. ఇరవై అయ్యాక చూస్తే ఎవరికీ రెండుకి మించి పడలేదు. చాలామందికి ఒకటే. నేను చూపించాలనుకున్నదానికి సరిగ్గా ఎదురు. మేనేజరు పెన్ను కింద పెట్టాడు. ఆదివారం ఇంట్లో కూడా పది దఫాల్లో రెండుసార్లు ఇట్లాగే వచ్చింది, కానీ ఆ సంగతి అప్పుడు చెబితే సాకులా ఉంటుంది.

ఆవిడ మాత్రం నవ్వింది. "ఒక తడవ తీస్తే ఏం తెలుస్తుంది సార్? పోడుంగో, మళ్ళీ గిన్నెలో వెయ్యండి, ఇంకా తీద్దాం," అంది.

రెండో దఫా మూడో నంబరుకి మూడు పడ్డాయి. మూడో దఫా ఆరో నంబరుకి నాలుగు. నాలుగో దఫా మళ్ళీ మూడు. ఐదో దఫాలో పందొమ్మిదో నంబరుకి నాలుగు పడ్డాక ఆవిడ చీటీలు ఆపేసింది.

"అంటే ఆ లేడీ తప్పు లేదు అంటున్నారా?"

"చీటీలు ఆ మాట చెప్పవు మేడం. ఆమె తప్పు ఉందని నేను చెప్పింది నిలవదని మాత్రం చెబుతాయి. తప్పు ఎక్కడుందో వీటిలో కనిపిస్తుంది," అని కోసిన డబ్బాలు ముందు పెట్టాను. ఫిట్టరుని పిలిపించాను. అతను అరిగిన రోలరుని గుడ్డలో చుట్టి తెచ్చి, బల్ల మీద ఎవరూ అడక్కుండానే పెట్టాడు.

ఆవిడ ఒక్కో డబ్బా భూతద్దంతో చూసింది. తర్వాత మేనేజరుతో, "మీరు ఆ మనిషిని తీసేసి ఈ రోలరునే పెట్టుకుని ఉంటే, తర్వాత సరుకులో ఎన్ని వచ్చేవి?" అని అడిగింది. మేనేజరు తల దించుకున్నాడు. నేనూ దించుకున్నాను. ఆ మనిషిని తీయించింది నేనే కదా. రోలరు మార్చి, మళ్ళీ పదిహేను రోజులు చూసి, ఆ తర్వాతే సరుకు తీసుకుంటామని ఆవిడ రాసిచ్చి వెళ్ళింది.

ఆవిడ కారు గేటు దాటగానే మేనేజరు నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను.

"ఆయమ్మ ఇంటికి ఎవరు పోవల్ల సార్?" అన్నాడు.

ఇద్దరం కలిసే వెళ్ళాం. ఈసారి ఆమె లేచి నిలబడింది. మేనేజరే మాట్లాడాడు, రోలరు సంగతి చెప్పాడు, పనికి రమ్మన్నాడు. ఆమె అంతా విన్నది.

"వస్తా. కానీ నన్ను పంపించింది అందరి ముందర. రమ్మనేది కూడా అందరి ముందరే రమ్మనల్ల," అన్నది. ఇంకో మాట కూడా చేర్చింది. "గోడౌన్లో డబ్బాలు ఏరే దినం మా ఆడోళ్ళలో ఒకరు ఆడ నిలబడి సూడల్ల."

మేనేజరు సరేనన్నాడు. నేనైతే అంతకన్నా పెద్దవే అడుగుతుందనుకున్నాను.

ఈ సంగతి విన్న పిల్లలు, అయితే లెక్కలే ఆమెని కాపాడాయి కదా సార్ అంటారు. కాదు. లెక్క తెలుసుననుకున్న నేనే ఆమెని గేటు బయటికి పంపాను. ఆ లెక్క తప్పని తెలిసినప్పుడు కూడా, డబ్బాలకి ఏమయిందో కనుక్కోమన్న ఆమె మాట లేకపోతే చీటీలు తీసి, ఒక మంచి రిపోర్టు రాసి, అక్కడితో ఆగిపోయేవాణ్ణి. సంభావ్యత ఎంతవరకు చెప్పగలదో అంతవరకే చెబుతుంది. ఎక్కడ వెతకాలో చూపిస్తుంది, వెతకడం మన పని. ఎవరి పేరు మీదో పెద్ద అంకె కనిపించినప్పుడు, ఎంతమందిలో పెద్దది అని ముందు అడగండి. ఆ పేరు మీరు ముందే అనుకున్నదా, లెక్క చూశాక దొరికిందా అని అడగండి. అన్నిటికన్నా ముందు, మీ వేలికి ఏమీ తగలకపోతే ఆ మాట అప్పుడే, అక్కడే చెప్పండి. మిగతాదంతా తర్వాత సరిచేసుకోవచ్చు. నేను సరిచేసుకునే లోపు ఆమెకి వారం రోజులు పోయాయి, ఒక గేటు దగ్గర మాట పడింది. అవి తిరిగివ్వడానికి నాకు ఏ లెక్కా దొరకలేదు.

శనివారం పొద్దున షిఫ్టు మొదలవకముందు బల్ల దగ్గర అందరినీ నిలబెట్టారు. కొత్త రోలరు వేసిన మూత మిషను ఇంకా ఆన్ చేయలేదు కాబట్టి హాలు నిశ్శబ్దంగా ఉంది. నేను కాగితం మీద రాసుకొచ్చిన నాలుగు ముక్కలు చదివాను. పద్నాలుగో నంబరు మీద నేను రాసింది తప్పు, డబ్బాలు పాడైంది మిషను వల్ల, ఎవరి వేలికీ అది తెలిసే వీలు లేదు, నా వేలికీ తెలియలేదు, తెలియలేదని ఆ రోజే చెప్పకపోవడం నా తప్పు. ఆఖరి మాట రాసుకున్నదాంట్లో లేదు. ఎలా వచ్చిందో వచ్చింది. చదివాక కాగితం ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆమె తలకి గుడ్డ కట్టుకుని, బల్ల మీదున్న తన ముద్ర తీసుకుని చూసింది. వారంగా ఎవరూ వాడక సిరా ఎండిపోయి ఉంది. పక్కనున్న ఆమె నీళ్ళ చుక్కేసి ఇచ్చింది. నా వైపు ఒకసారి చూసి, చిన్నగా తల ఊపింది. అది క్షమించడమో, విన్నానని చెప్పడమో నాకు తెలియదు. ఆ తర్వాత వరసలో ఉన్న ఆడవాళ్ళ వైపు తిరిగింది.

"ఇన్నారు గదమ్మా అందరూ? ఇంక నిలబడుకోని ఏం సూస్తారు, పదండి. బయట కాయ మాగిపోతా ఉండాది."

ఫిట్టరు మిషను ఆన్ చేశాడు.